వెల లేని పద్దు: సాలార్‌జంగ్ మ్యూజియం, గణకుని పుస్తకం

సాలార్‌జంగ్ మ్యూజియం గురించి రాసేవారు సాధారణంగా రెండు వస్తువులతో మొదలుపెడతారు. ఒకటి మేలిముసుగు రెబెక్కా, రెండోది గంటగంటకూ బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే సంగీత గడియారం. ఆ రెండింటి దగ్గరా జనం మూగుతారు కనుక రచన కూడా అక్కడే ఆగుతుంది. ఈ వ్యాసం సందర్శకుడు చూడని లెక్కల విభాగం దగ్గర మొదలవుతుంది. ఒక పెద్ద ప్రజా మ్యూజియంలో గణకుడు ఏం రాస్తాడు, ఏం రాయకుండా వదిలేస్తాడు, ఆ రాతకూ ఆ వదిలివేతకూ వెనక ఉన్న చరిత్ర ఏమిటి అన్నవి ఇక్కడి ప్రశ్నలు. గణకుడు అన్న మాటను నేటి అకౌంటెంటు అన్న అర్థంలోనే వాడుతున్నాను.

మన భాషలో లెక్కకూ రాతకూ ఉన్న చుట్టరికం అందరూ ఎరిగిందే. లెక్క అన్న మాట సంస్కృత ‘లేఖ’ శబ్దం నుంచి ప్రాకృతం ద్వారా వచ్చిందని భాషావేత్తలు చూపుతారు. అంటే రాసినదే లెక్క. ఆ పక్కనే జమ, ఖర్చు, నగదు, వసూలు, బాకీ, ఖాతా, తనిఖీ వంటి అరబీ పారసీక పదాల వరుస ఉంది. అవి పాలనతోపాటు వచ్చి తెలుగు ఊళ్ల కరణాల కవిలెల్లో స్థిరపడ్డాయి. కవిలె, కడితం, దండకవిలె వంటి పాత రాతసాధనాల పేర్లు సాహిత్య చరిత్రకారులకు కైఫీయతుల ద్వారా సుపరిచితాలు. అయితే ఈ పదజాలమంతా ప్రధానంగా భూమికీ శిస్తుకూ ధాన్యానికీ రొక్కానికీ చెందినది. అమ్మడానికి కాక దాచడానికి, చూపడానికి ఉంచిన వస్తువును ఎలా లెక్క రాయాలన్న ప్రశ్న కరణం కవిలెలో రాదు. అది వచ్చేది దేవాలయ భండారంలో, రాజుల బొక్కసంలో.

కృష్ణదేవరాయలు తిరుమలకు తొలిసారి వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించిన సందర్భం 1513 ఫిబ్రవరి నాటిది. దానిని శాసనాలు నమోదు చేశాయి. నవరత్న కిరీటం, హారాలు, 25 వెండి హారతి పళ్లాలు, రాణులు సమర్పించిన పాలగిన్నెలు అందులో కనిపిస్తాయి. గమనించవలసింది నమోదు చేసిన తీరు. ఏ వస్తువు, ఎన్ని, ఎంత తూకం, ఏ రాళ్లు పొదిగారు అన్న వివరాలే ఆ నమోదుకు వెన్నెముక. ఆభరణాన్ని గుర్తుపట్టడానికి, రేపు తూచి సరిచూసుకోవడానికి కావలసినంత సమాచారం రాతి మీద ఉంది. అమ్మితే ఎంత వస్తుందన్నది ఆ రాతకు సంబంధం లేని విషయం, ఎందుకంటే అమ్మకం ఆ సమర్పణలోని ఉద్దేశానికే విరుద్ధం. ఈ శాసనాన్ని మనం భక్తి చరిత్రకూ భాషా చరిత్రకూ ఆకరంగా చదువుతూ వచ్చాం. దానిని ఒక స్టాకు రిజిస్టరుగా చదవడం అనౌచిత్యం కాదని నా అభిప్రాయం.

ఇక హైదరాబాదుకు వద్దాం. సాలార్‌జంగ్ సేకరణకు లెక్కల చరిత్రతో ఉన్న సంబంధం మ్యూజియం పుట్టుకకు దాదాపు ఒక శతాబ్దం ముందే మొదలైంది. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ దివాను పదవి చేపట్టింది 1853లో. నిజాం ప్రభుత్వం కంటింజెంటు సైన్యం బాకీల కింద బేరారును ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన సంవత్సరం కూడా అదే. అప్పుల్లో మునిగిన ఖజానాను చక్కబెట్టడమే ఆయన పాలనకు మొదటి పని అయింది. శిస్తు వసూలును గుత్తకు ఇచ్చే పద్ధతి స్థానంలో జీతగాళ్లయిన అధికారులను నియమించడం, 1865లో జిల్లాబందీ, హాలీ సిక్కా ప్రవేశం, ఇవన్నీ ఒక విధంగా లెక్క రాసే చేతిని గుత్తేదారు నుంచి ప్రభుత్వానికి మార్చిన చర్యలే. ఆ మనిషే 1876లో ఐరోపా యాత్రలో రోములో బెంజోనీ చెక్కిన రెబెక్కాను కొన్నాడు. రాజ్యపు పద్దులను అంత పట్టుదలతో సర్దిన దివాను కొన్న ఆ పాలరాతి బొమ్మ, ఆయన మనవడి మరణానంతరం వెల కట్టలేని పద్దుగా ప్రభుత్వపు పుస్తకంలోకి వచ్చింది.

మనవడు మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగ్, 1912 నుంచి 1914 వరకు దివానుగా ఉండి, తరువాత జీవితమంతా సేకరణకే వెచ్చించాడు. ఆయన అవివాహితుడు. 1949 మార్చి 2న మరణించేనాటికి దివాన్ దేవ్డీ నిండా వస్తువులు ఉన్నాయి, నేరుగా వారసుడు మాత్రం లేడు. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. ఎస్టేటు నిర్వహణకు ప్రభుత్వం ఒక కమిటీని నియమించింది. వెల్లోడి చొరవతో, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ సహాయంతో వస్తువులను ఏర్చి కూర్చారు. 1951 డిసెంబరు 16న జవాహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవ్డీలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. ఆ తరువాత వారసుల మధ్య, వారికీ ప్రభుత్వానికీ మధ్య సాగిన వ్యవహారం 1958 డిసెంబరులో హైకోర్టు ద్వారా రాజీ డిక్రీగా ముగిసి, సేకరణ భారత ప్రభుత్వానికి చేరింది. 1961లో పార్లమెంటు సాలార్‌జంగ్ మ్యూజియం చట్టం చేసి, దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించి, రాష్ట్ర గవర్నరు అధ్యక్షుడుగా ఉండే బోర్డుకు అప్పగించింది. 1968లో మ్యూజియం మూసీ దక్షిణపు ఒడ్డున ఉన్న ఇప్పటి కట్టడంలోకి మారింది.

ఈ తేదీలు తెలిసినవే. లెక్కల వైపు నుంచి చూస్తే వీటికి మరొక అర్థం ఉంది. 1949కి ముందు ఆ వస్తువులు ఒక ఇంటి సామాను. యజమాని జ్ఞాపకమే వాటికి జాబితా. ఏది ఎక్కడ కొన్నాడో, ఎంత ఇచ్చాడో, ఏది ఎవరికి బహుమానంగా ఇచ్చేశాడో అతడు ఎవరికీ చెప్పుకోనక్కరలేదు. 1949 నుంచి 1958 వరకు అవి ఒక ఎస్టేటు. ఎస్టేటులో వస్తువుకు రెండు ముఖాలుంటాయి. కళాభిమాని దానిని కళాఖండంగా చూస్తాడు, వారసుడు పంచుకోదగ్గ వాటాగా చూస్తాడు. వాటా అన్న మాట వచ్చిన వెంటనే వెల అన్న మాట రాక తప్పదు. 1961 తరువాత అవి ప్రజల సొత్తు. ఇంటి సరంజామా, ఎస్టేటు ఆస్తి, జాతి సంపద అన్న ఈ మూడు దశల్లో వస్తువు ఒక్కటే, పుస్తకాలు వేరు. మ్యూజియం గణకుడు అందుకున్నది ఈ మూడో పుస్తకం. మొదటి రెండింటి పేజీలు పూర్తిగా అతని చేతికి రావు, కాని వాటి పర్యవసానాలన్నీ అతని మీద ఉంటాయి.

ఆ మూడో పుస్తకంలో ఏముంటుంది? ఢిల్లీ జాతీయ మ్యూజియంతో పోల్చితే తేడా స్పష్టపడుతుంది. 1949లో మొదలైన జాతీయ మ్యూజియం కేంద్ర మంత్రిత్వ శాఖకు అధీన కార్యాలయం. అక్కడ బిల్లు తయారవుతుంది, చెల్లింపు మాత్రం శాఖకు చెందిన చెల్లింపుల, లెక్కల కార్యాలయం ద్వారా జరుగుతుంది. హైదరాబాదులోని బోర్డు చట్టం ద్వారా ఏర్పడిన ప్రత్యేక సంస్థ. దానికి సొంత నిధి, సొంత బడ్జెటు, సొంత వార్షిక లెక్కలు ఉంటాయి. ఆ లెక్కలను కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ చేస్తారు. ఆడిట్ నివేదికతో సహా అవి పార్లమెంటు ఉభయ సభల ముందుకు వెళ్తాయి. అందుచేత ఇక్కడి గణకుడు ఒక చిన్న ప్రభుత్వపు ఖజానాదారు వంటివాడు. మంత్రిత్వ శాఖ నుంచి వచ్చే గ్రాంటును జీతాల పద్దు, సాధారణ ఖర్చుల పద్దు, మూలధన ఆస్తుల పద్దు అని విడదీయాలి. ఒక పద్దు డబ్బు మరో పద్దుకు వాడరాదు. సంవత్సరాంతంలో వినియోగ ధ్రువపత్రం పంపితే తప్ప తరువాతి గ్రాంటు కదలదు. మిగిలిన సొమ్మును తిరిగి చెల్లించాలి, లేదా అనుమతితో కొనసాగించాలి. టికెట్ల రాబడిని ఏ రోజుకు ఆ రోజు బ్యాంకులో కట్టాలి, టికెట్ పుస్తకాల వరుస సంఖ్యలను సరిచూడాలి. భద్రతా సిబ్బంది కాంట్రాక్టు, చలవ యంత్రాల విద్యుత్ బిల్లు, సంరక్షణ ప్రయోగశాలకు రసాయనాలు, గాజు పెట్టెలకు టెండర్లు, పింఛన్లకు నిధి. ఈ జాబితా ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా కనిపించేదే. ఇంతవరకు మ్యూజియం గణకుని పని ఆసుపత్రి గణకుని పని కంటే భిన్నం కాదు.

భిన్నమయ్యేది ఆస్తుల దగ్గర. కేంద్ర స్వయంప్రతిపత్తి సంస్థల కోసం రూపొందించి 2001-02 నుంచి అమలుకు తెచ్చిన ఏకరూప లెక్కల నమూనాలో ఒక వాక్యం ఉంది. డబ్బు రూపంలో కాక వస్తు రూపంలో గ్రాంటుగా వచ్చిన స్థిరాస్తులను ‘ప్రకటించిన విలువ’కు ఆస్తిగా చూపి, అంతే మొత్తాన్ని మూలధన రిజర్వులో జమ చేయాలన్నది దాని సారాంశం. కంప్యూటరుకో జీపుకో ఇది చాలా సుకరమైన నియమం. ఒక ఇంటి నుంచి ఒక దేశానికి దఖలుపడిన సుమారు 43 వేల కళావస్తువులకు, 9 వేల రాతప్రతులకు, 47 వేల అచ్చు పుస్తకాలకు ప్రకటించిన విలువ ఏది? ఎవరు ప్రకటించాలి? భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ప్రమాణం మరొక దారి చూపుతుంది. ఉచితంగా వచ్చిన ద్రవ్యేతర ఆస్తిని నామమాత్రపు విలువకు రాయమంటుంది. ఆచారంలో నామమాత్రం అంటే ఒక్క రూపాయి. ఈ రెండో దారిన పోతే రెబెక్కా కూడా ఒక రూపాయే, పగిలిన పింగాణీ గిన్నె కూడా ఒక రూపాయే. మొదటి దారిన పోతే ఎవరో ఒకరు ఒక అంకె ఊహించి రాయాలి, ఆడిటరు ఆ ఊహను ధ్రువీకరించాలి. ఇక తరుగుదల సంగతి మరీ విచిత్రం. గణకుని నియమాల ప్రకారం బీరువా ఏటేటా విలువ కోల్పోతుంది. అందులోని రాతప్రతి మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ అమూల్యమవుతుంది.

ఇది మన దేశపు కార్యాలయాల్లో మాత్రమే పుట్టిన చిక్కు కాదు. ప్రజా మ్యూజియాలకు తొలి నమూనాల్లో ఒకటైన బ్రిటిష్ మ్యూజియం పుట్టుకలోనే ఒక వెల ఉంది. హాన్స్ స్లోన్ తన సేకరణను దేశానికి ఇస్తూ వారసులకు 20 వేల పౌన్లు చెల్లించాలని వీలునామాలో కోరాడు. 1753లో పార్లమెంటు చట్టం చేసి లాటరీ నడిపి ఆ సొమ్ము కూర్చింది. 1816లో ఎల్జిన్ శిల్పాలకు పార్లమెంటు 35 వేల పౌన్లు చెల్లించింది. ఈ అంకెలు చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి, కాని నేటి లెక్కల్లో ఆ వస్తువులకు విలువ కనిపించదు. బ్రిటన్ జాతీయ మ్యూజియాలు 2001 ఏప్రిల్ తరువాత చేర్చుకున్న వాటినే ఆస్తిగా చూపుతాయి. అంతకు ముందరి సేకరణకు విశ్వసనీయమైన వెల కట్టడం సాధ్యం కాదని, సాధ్యమైనా ఆ ఖర్చుకు తగిన ప్రయోజనం లేదని వాటి వాదం. ఫలితంగా నిన్న కొన్న చిన్న నాణెం ఆస్తుల పట్టికలో ఉంటుంది, పార్థెనాన్ శిల్పం ఉండదు. ఆ శిల్పాల సరసన మన అమరావతి స్తూపపు శిలలూ ఉన్నాయి. 1859లో లండను చేరి, 1880లో బ్రిటిష్ మ్యూజియానికి బదిలీ అయిన ఆ పలకలు కూడా వెల లేని పద్దుల కిందికే వస్తాయి.

అమెరికాలో 1993లో వెలువడిన లెక్కల ప్రమాణం మూడు షరతులు పెట్టింది. వస్తువును ప్రదర్శనకో విద్యకో పరిశోధనకో ఉంచాలి, లాభానికి కాదు. దానిని కాపాడాలి, చెదరనివ్వకూడదు. ఎప్పుడైనా అమ్మితే ఆ సొమ్ముతో సేకరణకే మరో వస్తువు కొనే విధానం ఉండాలి. ఈ షరతులకు లోబడితే సేకరణను ఆస్తిగా చూపనక్కరలేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ లెక్కలు దీనికి ఎదురుదిశలో నడిచాయి. అక్కడ మ్యూజియం సేకరణలకు డబ్బు విలువ కట్టి చూపాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు, గ్యారీ కార్నెగీ, పీటర్ వోల్నైజర్ అన్న ఇద్దరు లెక్కల ఆచార్యులు 1995లో ఒక వ్యాసం రాసి, అటువంటి విలువ లెక్కల శాస్త్రం అల్లిన కల్పన అని వాదించారు. అప్పు తీర్చడానికి వినియోగించలేని దానిని ఆస్తి అనడమే తప్పన్నది వారి తర్కం. వారికి ప్రత్యుత్తరాలు వచ్చాయి, చర్చ ఏళ్ల తరబడి నడిచింది. ప్రభుత్వ రంగానికి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం 2023లో కొత్త రూపం తీసుకుని, వారసత్వ ఆస్తులను కూడా విశ్వసనీయంగా కొలవగలిగినప్పుడు లెక్కల్లో చేర్చాలన్న వైపు మొగ్గింది. ‘కొలవగలిగినప్పుడు’ అన్న మాటలోనే పాత తగవంతా మిగిలి ఉంది.

నాకు కార్నెగీ, వోల్నైజర్ల పక్షమే సమంజసంగా తోస్తుంది. కారణం సిద్ధాంతం కాదు, డెట్రాయిట్. 2013 జులైలో డెట్రాయిట్ నగరపాలక సంస్థ దివాలా దరఖాస్తు పెట్టింది. ఆ నగరపు కళామ్యూజియంలోని వస్తువులకు చట్టప్రకారం నగరమే యజమాని. అప్పులవాళ్లు వాటి వంక చూశారు. నగరపు సొమ్ముతో కొన్న బొమ్మలకు వెల కట్టమని క్రిస్టీస్ సంస్థను నియమించగా, ఆ సంస్థ 45 కోట్ల 40 లక్షల నుంచి 86 కోట్ల 70 లక్షల డాలర్ల వరకు ఉంటుందని తేల్చింది. అంతవరకు గోడ మీది బొమ్మగా ఉన్నది ఆ రోజు నుంచి పింఛనుదారుల బాకీకి ఎదురుగా నిలబడే అంకె అయింది. చివరకు దాతృత్వ సంస్థలు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం కలిసి సుమారు 81 కోట్ల 60 లక్షల డాలర్లు సమకూర్చి, ఆ సొమ్మును పింఛన్లకు ఇచ్చి, మ్యూజియాన్ని నగరం చేతి నుంచి స్వతంత్ర సంస్థకు మార్చాయి. 2014 నవంబరులో న్యాయస్థానం దీనిని ఆమోదించింది. అక్కడి పింఛనుదారుల బాధ చిన్నది కాదు. బొమ్మ ముఖ్యమా, ముసలివాని నెల జీతం ముఖ్యమా అని అడిగితే జవాబు చెప్పడం తేలిక కాదు. అయితే వెల రాసిన మరుక్షణం ఆ ప్రశ్న అడగడానికి వీలు కలిగిందన్నది మాత్రం నిజం.

వెల రాసిన వస్తువుల గతి ఏమవుతుందో తెలుసుకోవడానికి డెట్రాయిట్ దాకా పోనవసరం లేదు. సాలార్‌జంగ్ మ్యూజియం గోడల మధ్యకే రెండుసార్లు వచ్చి వెళ్లిన నిజాం నగలున్నాయి. ఏడవ నిజాం 1951, 1952 సంవత్సరాల్లో ఏర్పరచిన ట్రస్టుల కిందివి అవి. అమ్మకానికి పెట్టడం, వేలం సంస్థల వెలలు, వ్యాజ్యాలు, బేరసారాలు అన్నీ గడిచాక 1995లో భారత ప్రభుత్వం 173 నగలను సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. వాటిలో జాకబ్ వజ్రం ఒకటి. దాని పుట్టు చరిత్రే ఒక లెక్కల తగాదా. ఆరవ నిజాముకు ఆ వజ్రం అమ్మజూపిన అలెగ్జాండర్ జాకబ్ చేతికి ముందుగా ఇచ్చిన 23 లక్షల రూపాయల గురించి 1891లో కలకత్తా న్యాయస్థానంలో పెద్ద వ్యాజ్యం నడిచింది. తండ్రి చెప్పుజోడులో దొరికిన ఆ రాయిని ఏడవ నిజాం కాగితాల మీద బరువుగా వాడాడని ప్రతీతి. కాగితాల మీద ఉన్నప్పుడు దాన్ని చూసినవారు ఉండే ఉంటారు. 218 కోట్ల పద్దులో చేరాక అది రిజర్వు బ్యాంకు సొరుగులోకి పోయింది. 2001లోనూ 2006లోనూ సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చినప్పుడు హైదరాబాదు జనం బారులు తీరారు. మళ్లీ సొరుగే. ఒకే నగరపు రెండు సంపదలివి. రోజూ టికెట్టు కొన్న ప్రతివాడూ చూసే రెబెక్కా ఒకటి, పుస్తకంలో కోట్ల అంకెగా ఉండి ఏ సందర్శకుడికీ కనిపించని నగ మరొకటి. భద్రత కారణం కాదనను. కాని ఆ భద్రతకు కొలత వెలే.

ఇంతవరకు చెప్పినది వెల రాయకపోవడమే మేలన్న వాదంగా కనిపించవచ్చు. రెండో వైపు కూడా చూడక తప్పదు. వెల లేని వస్తువు పోతే గణకుని పుస్తకంలో ఏమీ మారదు. ఆస్తుల మొత్తం అదే, మూలధన రిజర్వు అదే, రెండు వైపులా కూడిక సరిపోతుంది. 2023 ఆగస్టులో బ్రిటిష్ మ్యూజియం తన భాండాగారాల నుంచి వస్తువులు పోయాయని ప్రకటించింది. పోయినవి, దొంగిలించబడినవి, చెడగొట్టబడినవి కలిపి సుమారు 2 వేలని తరువాత తేలింది. సంచాలకుడు రాజీనామా చేశాడు. పోయిన వాటిలో అధికభాగం పురాతన రత్నాల వంటి చిన్న వస్తువులు, సరిగా నమోదు కానివి. వాటి జాడను మొదట గుర్తించింది లోపలి లెక్కలు కాదు, ఇంటర్నెట్ అమ్మకాల్లో వాటిని చూసి అనుమానించిన ఒక పురావస్తు వర్తకుడు. ఆ తరువాత మ్యూజియం ఇంకా డిజిటల్ నమోదు కాని సుమారు 24 లక్షల వస్తువులను ఐదేళ్లలో, కోటి పౌన్ల అంచనా ఖర్చుతో నమోదు చేస్తామని ప్రకటించింది. మొత్తం సేకరణ 80 లక్షలకు తక్కువ కాదు. రెండున్నర శతాబ్దాల పైబడిన సంస్థలో ఇంత భాగం రాయకుండా మిగిలిందంటే, అక్కడ లోపించినది వెల కాదు, సంఖ్య.

మ్యూజియంలో రెండు పుస్తకాలుంటాయి. ఒకటి గణకునిది, రెండోది క్యూరేటరు దగ్గర ఉండే ఆక్సెషన్ రిజిస్టరు. రెండో దానిలో వస్తువు సంఖ్య, పేరు, పదార్థం, కొలతలు, ఎలా వచ్చింది, ఏ స్థితిలో ఉంది అన్నవి రాస్తారు. తిరుమల శాసనానికి దగ్గరి చుట్టం ఈ రిజిస్టరే. చిక్కు ఎక్కడంటే ఈ రెండు పుస్తకాలూ ఒకదానినొకటి చదవవు. గణకుడు క్యూరేటరు రిజిస్టరును కళాపండితుల వ్యవహారం అనుకుంటాడు. క్యూరేటరు గణకుని పుస్తకాన్ని ఓచర్ల వ్యవహారం అనుకుంటాడు. రెండూ కలిసే సందర్భం ప్రధానంగా వస్తువు బయటి ప్రదర్శనకు అరువు పోయేటప్పుడు వస్తుంది. అప్పుడు బీమాకు ఒక విలువ రాయాలి. ఏళ్ల తరబడి వెల లేకుండా ఉన్న చిత్రం ఒక మధ్యాహ్నం కమిటీ కూర్చుని తేల్చిన అంకెతో పెట్టెలోకి ఎక్కుతుంది, తిరిగి వచ్చాక ఆ అంకె ఫైలులో ఉండిపోతుంది.

మన ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి ఈ విషయంలో ఆసక్తికరమైన పోలిక అందిస్తుంది. గ్రంథాలయాల గురించి అది చాలా నిక్కచ్చిగా మాట్లాడుతుంది. 20 వేల సంపుటాల లోపు ఉంటే ఏటా పూర్తి తనిఖీ, 20 నుంచి 50 వేల వరకు మూడేళ్లకొకసారి, అంతకు మించితే మూడేళ్లకు మించని వ్యవధిలో నమూనా తనిఖీ. ఒక ఏడాదిలో ఇచ్చిన లేదా సంప్రదించిన ప్రతి వేయి సంపుటాలకు ఐదు పోవడాన్ని సహేతుకంగా ఎంచవచ్చని కూడా అంటుంది. అయితే అరుదైన పుస్తకం పోతే ధరతో నిమిత్తం లేకుండా విచారించి తీరాలి. ఈ చివరి మాట చాలా విలువైనది. ధరతో నిమిత్తం లేని బాధ్యతను ప్రభుత్వపు నియమం గుర్తించిన చోటు ఇది. సాలార్‌జంగ్ మ్యూజియంలో అచ్చు పుస్తకాలూ రాతప్రతులూ ఒకే కప్పు కింద ఉన్నాయి. అచ్చు పుస్తకం పోతే వేయింటికి ఐదన్న ఊరట ఉంది. రాతప్రతికి అటువంటి ఊరట ఎవరూ కోరరు, కోరకూడదు కూడా. మ్యూజియం వస్తువుకు సహేతుకమైన నష్టం అన్నది లేదు.

2013లో కాగ్ పార్లమెంటుకు సమర్పించిన వారసత్వ సంరక్షణ నివేదిక ఈ నేపథ్యంలోనే చదవదగినది. కేంద్ర రక్షిత కట్టడాల్లో తనిఖీ చేసిన 1655లో 92 కట్టడాలు కనిపించలేదన్న వాక్యం అప్పట్లో పత్రికల్లో మారుమోగింది. జాతీయ స్థాయి మ్యూజియాల గురించి ఆ నివేదిక చెప్పిన సంగతులు అంత ప్రచారం పొందలేదు. వస్తువుల నమోదు, క్రమబద్ధమైన భౌతిక తనిఖీ, సేకరణ విధానాల్లో శైథిల్యాన్ని అది ఎత్తిచూపింది. ఇక్కడ ఆడిటరు అడిగిన ప్రశ్న ఎంత విలువ అని కాదు, ఉన్నాయా అని. రాయల శాసనం రాయించినవారి ప్రశ్న కూడా అదే. ఒక పెద్ద సేకరణ ఒక కట్టడం నుంచి మరొక కట్టడానికి తరలినప్పుడల్లా ఏవో పోయాయన్న జనశ్రుతి పుడుతుంది. దానిని నిరూపించాలన్నా తోసిపుచ్చాలన్నా తరలింపుకు ముందు రాసిన జాబితా ఒక్కటే సాక్ష్యం.

భౌతిక తనిఖీ పని స్వరూపం చాలా సామాన్యం. ఒకరు రిజిస్టరు చదువుతారు, మరొకరు గాజు పెట్టెలోనో బీరువాలోనో ఆ సంఖ్య వెతుకుతారు, మూడో వ్యక్తి, వీలైతే ఆ గదికి సంబంధం లేని విభాగం నుంచి వచ్చినవాడు, చూసి టిక్కు పెడతాడు. ఆ మూడో వ్యక్తిగా గణకుడు ఉండటం నియమబద్ధమే కాక అవసరం కూడా. దంతపు చదరంగంలో పావులు ఎన్ని, జేడ్ గిన్నెకు మూత ఉందా, కత్తికి ఒర ఉందా అని అతడు అడుగుతాడు. కళను ఎరిగినవాడు చూడగానే శైలిని గుర్తిస్తాడు, లెక్క ఎరిగినవాడు పావులను లెక్కపెడతాడు. ఒక రోజుకు వంద వస్తువులు సరిచూస్తే, సెలవులు పోను, 43 వేల వస్తువుల తనిఖీ పూర్తికావడానికి సుమారు రెండేళ్లు పడుతుంది. ఈ శ్రమకు బడ్జెటులో ప్రత్యేక పద్దు ఉండదు. కనుక ఇది ఎప్పుడూ వాయిదా పడే పనుల్లో మొదటిది.

తెలుగు పరిశోధకులకు ఇందులో చేయదగిన పని ఉంది. పార్లమెంటు ముందుంచిన వార్షిక నివేదికలు, ఆడిట్ నివేదికలు బహిరంగ పత్రాలు. వాటిని 1961 నుంచి వరుసగా చదివితే మ్యూజియం తన సేకరణ సంఖ్యను ఏ ఏడాది ఎలా చెప్పుకుందో, ఆడిటరు ఏ ప్రశ్నను ఎన్ని ఏళ్లు మళ్లీ మళ్లీ అడిగాడో తెలుస్తుంది. 1949, 1958 మధ్య ఎస్టేటు కాలపు జాబితాలను ఆక్సెషన్ రిజిస్టరు తొలి సంపుటాలతో పక్కపక్కన పెట్టి చదవడం దానికి తరువాతి మెట్టు. ఆ జాబితాలు చదవడానికి ఉర్దూ రావాలి, దేవ్డీ వస్తువుల పేర్లు తెలియాలి, ఆఫ్తాబా, పాన్‌దాన్, ఉగాల్‌దాన్ అన్న మాట ఎదురైనప్పుడు ఏ పాత్ర ఏ గదిలోదో ఊహించగలగాలి. కైఫీయతులనూ దండకవిలెలనూ చదివిన అలవాటున్నవారికి ఈ చదువు కొత్త కాదు.